ఒక్క నైట్ డ్యూటీలో అయిపోయే చీకటి పురాణ కథ ఏదైనా చెప్పండి

గంటకో రీడింగ్ (హాలియా దగ్గర, నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. నేను 33/11 కెవి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. నెలకు పది పన్నెండు రాత్రులు డ్యూటీ పడుతుంది. ఏ ఫీడరూ (ఊళ్లకు కరెంటు తీసుకుపోయే లైను) ట్రిప్ కాకపోతే గంటకోసారి లేచి మీటర్లు చూసి, లాగ్ షీట్‌లో వోల్టేజీ, ఆంపియర్లు రాయడమే పని. మధ్యలో ఉండే యాభై నిమిషాలు నావి. ఫోన్ చూస్తే నాకు నిద్రొస్తుంది, పుస్తకం పట్టుకుంటే రాదు. అందరికీ ఉల్టా.

నాకు పురాణం వాసన ఉన్న చిన్న నవల కావాలి. భక్తి కథ వద్దు. దయ్యాల కథ కూడా వద్దు. ఎట్లాంటిదో సరిగ్గా చెప్పడం రావట్లేదు, ఒక ఉదాహరణ చెప్తాను. మా నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. స్తంభాలు నిలబెట్టిన తీరు, వెలుతురు లోపలికి వచ్చే లెక్క అని సైన్సు సార్లు చెప్తారు. నేనూ నమ్ముతాను. కాని ఏడేళ్లప్పుడు మా నాయనమ్మ చెయ్యి పట్టుకొని లోపలికి పోయి, "ఆ నీడ ఏ కంబానిదే?" అని వెనక్కి తిరగబోతే ఆమె నా మెడ పట్టి ముందుకే తిప్పింది. ఎందుకో చెప్పలేదు. ఇప్పటికీ ఆ మెడ మీద చెయ్యి గుర్తుంది. అట్లాంటి కథ కావాలి.

ఇంకో షరతు. చిన్నగా ఉండాలి, కథ అందులోనే అయిపోవాలి. పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో పురాణ ఫాంటసీ అంటే ఒక ఇటుకరాయి లాంటి పుస్తకం కొన్నాను. హీరోకు కత్తి దొరికేసరికి పుస్తకం అయిపోయింది. చివరి పేజీలో "రెండో భాగం త్వరలో". ఆ త్వరలో ఇంకా రాలేదు. కత్తి అతని దగ్గర, నాలుగు వందల రూపాయలు వాళ్ల దగ్గర ఉన్నాయి.

తెలుగులోనే చెప్పండి. ఇంగ్లీషు చదవగలను కాని రాత్రి రెండు గంటలకు చదవలేను.

కొల్లాపూర్ మామిడి

అన్నా, దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్లు చూశావా? శిథిలాలయం, రాకాసిలోయ, పాతాళదుర్గం. చిత్ర గారి బొమ్మలతో చూస్తే ఇంకా మజా. మా బాపు పాత సంచికలన్నీ కుట్టించి పెట్టాడు, చెదలు సగం తిన్నాయి, నేను మిగతా సగం తిన్నాను.

గంటకో రీడింగ్

చదివాను తమ్ముడూ, పదో తరగతిలోపే. అవంటే ప్రాణం. కాని అందులో మాంత్రికుడు ఎంత భయపెట్టినా చివరికి అన్నీ సర్దుకుంటాయని పిల్లలకు కూడా తెలుసు. నాకు సర్దుకోనిది కావాలి.

తెలుగు సారు, అచ్చంపేట

తమ్ముడూ, నువ్వు అడిగిన పుస్తకం చాలా ఇళ్లల్లో అటక మీద దుమ్ము పట్టి ఉంటుంది. భారతంలో సౌప్తిక పర్వం. నవ్వకు. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ని, పద్యం అనగానే పిల్లల ముఖాలు ఎట్లా వాడిపోతాయో నాకు తెలుసు. ఇది ఆ లెక్కలోది కాదు.

ముందు నీ షరతు సంగతి. 18 పర్వాల్లో ఇది పదోది. మూలంలో 18 అధ్యాయాలే ఉన్నాయి. తిక్కన తెలుగులో రెండు ఆశ్వాసాల్లో ముగించాడు. శాంతిపర్వానికి ఆయనే ఆరు తీసుకున్నాడు, ఆ లెక్కన ఇది చిన్న నవలే. తాత్పర్యం ఉన్న ప్రతి పట్టుకుంటే నీ డ్యూటీ దిగేలోపు అయిపోతుంది. రెండో భాగం త్వరలో అనరు.

సౌప్తికం అంటే నిద్రకు సంబంధించినది. నిద్రపోతున్నవాళ్ల పర్వం అనుకో. యుద్ధం అయిపోయింది. అటు పాండవులు గెలిచారు. ఆ రాత్రి వాళ్లు శిబిరంలో లేరు, వాళ్ల కొడుకులు, మిగిలిన సైన్యం అక్కడ పడుకున్నారు. ఇటు తొడలు విరిగి దుర్యోధనుడు నేల మీద పడి ఉన్నాడు. కౌరవుల వైపు మిగిలింది ముగ్గురు, అశ్వత్థామ, కృపాచార్యుడు, కృతవర్మ. చీకటి పడ్డాక అడవిలో ఒక పెద్ద మర్రిచెట్టు కింద ఆగుతారు. పెద్దవాళ్లిద్దరూ అలసి నిద్రపోతారు. అశ్వత్థామకు నిద్ర రాదు.

ఆ చెట్టు నిండా కాకులు నిద్రపోతున్నాయి. ఒక గూబ చప్పుడు లేకుండా వస్తుంది. ఒక్కొక్క కాకినీ పట్టి, కొన్నిటి రెక్కలు పీకి, కొన్నిటి తలలు కొరికి, కాళ్లు విరిచి కింద పడేస్తుంది. చెట్టు కింద నేల కనబడకుండా కాకుల ముక్కలు. అశ్వత్థామ ఇదంతా కిందనుంచి చూస్తూ ఉంటాడు. భయపడడు, జాలిపడడు. ఈ పిట్ట నాకు పాఠం చెప్పింది అనుకుంటాడు. ద్రోణాచార్యుడి కొడుక్కి చివరి గురువు ఒక గూబ! నేను తరగతిలో ఈ మాట అన్నప్పుడు వెనక బెంచీ కూడా తల ఎత్తేది.

తర్వాత మేనమామను లేపుతాడు. కృపుడు వద్దంటాడు, ఈ రాత్రికి పడుకో, తెల్లారి యుద్ధం చేద్దాం అంటాడు. దానికి అశ్వత్థామ ఇచ్చే జవాబు ఒకటుంది. రోగికి, కోపంతో ఉన్నవాడికి, డబ్బు లెక్కలు వేసుకునేవాడికి, కామికి నిద్ర ఎక్కడిది అని. ఐదోవాడుగా సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని నువ్వు కలుపుకోవచ్చు.

శిబిరం గేటు దగ్గర ఏం నిలబడి ఉందో నేను చెప్పను. అతను వేసిన ఆయుధాలన్నిటినీ అది మింగేస్తుందని మాత్రం చెప్తాను. లోపలికి పోయాక మొదట ధృష్టద్యుమ్నుడు. అశ్వత్థామ తండ్రిని చంపినవాడు. పరుపు మీద నిద్రలో దొరుకుతాడు. కనీసం ఆయుధంతో చంపు, నాకు వీరుల లోకం దక్కుతుంది అని అడుగుతాడు. అశ్వత్థామ ఆ ఒక్కటీ ఇవ్వడు. కాళ్లతో తొక్కి చంపుతాడు.

నన్ను పట్టుకున్న చోటు మాత్రం ఇది కాదు. ఆ చీకట్లో ఒక నల్లటి ఆడమనిషి కనబడుతుంది. ఎర్రటి కళ్లు, ఎర్రటి దండ, చేతిలో పాశం, పాడుకుంటూ చచ్చినవాళ్లను కట్టి తీసుకుపోతూ ఉంటుంది. కాళరాత్రి. ఆమెను చూసినప్పుడు ఆ సైనికులకు గుర్తొస్తుంది, యుద్ధం మొదలైన రోజు నుంచి ప్రతి రాత్రీ ఈమే కలలో వస్తోందని, వెనకే అశ్వత్థామ కూడా వస్తున్నాడని. పద్దెనిమిది రోజులుగా చూస్తున్న కల, నిద్రలేచి చూస్తే ఎదురుగా ఉంది. మీ నాయనమ్మ నిన్ను వెనక్కి తిరగనియ్యలేదు చూడు, ఆ చెయ్యి ఇదే అనుకుంటాను.

ఒక జాగ్రత్త. ఈ కథే భాగవతం ప్రథమ స్కంధంలో కూడా ఉంది, పోతన గారిది. బడిలో మేం చెప్పింది అదే. అక్కడ అర్జునుడు అశ్వత్థామను కట్టి తెస్తే ద్రౌపది వదిలెయ్యమంటుంది. నా లాగే ఇతని తల్లి ఏడవకూడదు అంటుంది. ఆ పద్యం చెప్పేటప్పుడు నా గొంతు ప్రతి ఏడాదీ పట్టుకునేది. భారతంలో ద్రౌపది వేరే మనిషి. వాడు చచ్చేదాకా, వాడి తలలోని మణి నా కళ్లముందుకు వచ్చేదాకా అన్నం ముట్టనని కూర్చుంటుంది. రెండూ చదువు. కాని రాత్రికి భారతం చదువు, పోతన్నను పొద్దున డ్యూటీ దిగినాక చదువు.

ఈమధ్య అశ్వత్థామను చావులేని సూపర్ హీరోను చేసి చూపిస్తున్నారు. మూలంలో అతనికి దొరికింది వరం కాదు, శాపం. మూడు వేల ఏళ్లు, మాట్లాడే మనిషి ఒక్కడు లేకుండా, చీము నెత్తురు కంపుతో అడవుల్లో తిరగమని కృష్ణుడు అంటాడు. చాలా ఏళ్ల కింద చైత్ర పున్నమికి నల్లమల అడవిలోని సలేశ్వరం పోతున్నాం. లోయలోకి దిగే దారిలో, "వస్తున్నం లింగమయ్యా" అని అందరూ అరుస్తుంటే, ఒక ముసలాయన నుదుటికి పాతగుడ్డ కట్టుకొని ఒక బండ మీద ఒక్కడే కూర్చున్నాడు. మాతో ఉన్న డ్రాయింగ్ మాస్టారు "అశ్వత్థామ" అన్నాడు నవ్వులాటకు. ఎవరం నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకు పులిహోర పొట్లం ఇచ్చాం, దెబ్బ ఎట్లా తగిలిందయ్యా అంటే "పిల్లగాడు రాయి ఏసిండు" అన్నాడు. కథ అక్కడ అయిపోయింది, కాని ఆ బండ దగ్గరికి వస్తే ఇప్పటికీ నా నడక తగ్గుతుంది.

కోదాడ గడప

సారు గారికి నమస్కారం. కాని భారతాన్ని ఫాంటసీ నవల లెక్కన చెప్పడం నాకు నచ్చలేదు. అది పంచమవేదం. పైగా యుద్ధ పర్వాలు ఇంట్లో చదివితే కొట్లాటలు వస్తాయని మా అత్తమ్మ పుస్తకమే ఇంట్లో పెట్టనివ్వదు. ఆ అబ్బాయికి ఇంకేదన్నా చెప్పండి.

తెలుగు సారు, అచ్చంపేట

అమ్మా, మీ అత్తమ్మ గారి మాట తీసెయ్యను, మా అమ్మ కూడా అదే అనేది. కాని "వింటే భారతం వినాలి, తింటే గారెలు తినాలి" అన్నది కూడా మన పెద్దవాళ్లే. నచ్చినట్టు చదవమన్నాను గాని చులకనగా చదవమనలేదు. భయపడవలసిన చోట భయపడుతూ చదవడం కూడా గౌరవమే కదా. ఇక కొట్లాట సంగతి అంటారా, మా ఇంట్లో భారతం ఎప్పుడూ అటక మీదే ఉండేది. అయినా మా అన్నదమ్ముల పొలం పంచాయితీ పదకొండేళ్లు నడిచింది. పైగా తమ్ముడు చదివేది సబ్‌స్టేషన్‌లో. అక్కడ కొట్లాట వస్తే బ్రేకర్ పడుతుంది.

జమిడిక

సారు చెప్పింది బాగుంది. నేను మాత్రం పుస్తకం చెప్పను. మాది మక్తల్ దగ్గర ఊరు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. నేను విన్న అన్నిట్లో చీకటి కథ మా ఊళ్లో బవనీలు చెప్పే ఎల్లమ్మ కథ. చదివింది కాదు, విన్నది.

వాళ్లు కథకు వాయించే జమిడిక తెలియనివాళ్లకు చెప్తాను. చిన్న డోలు లాంటిది, లోపలి నుంచి ఒక తీగ బయటికి వచ్చి ఉంటుంది. దాన్ని బిగబట్టి మీటుతుంటే వాయిద్యం మోగినట్టు ఉండదు, ఎవరో పళ్లు బిగబట్టి మూలుగుతున్నట్టు ఉంటుంది. మా అవ్వ ఒళ్లో పడుకొని వింటుంటే నా పొట్టలో మోగేది.

పరశురాముడు తండ్రి మాట మీద తల్లిని నరకడానికి గొడ్డలి పట్టుకొని వస్తాడు. ఎల్లమ్మ ఊరి బయటికి ఉరికి మాదిగ ఇంట్లో, తోళ్లు నానబెట్టే లందలో దాక్కుంటుంది. దేవత! ఆ కంపులో, ఆ నీళ్లల్లో మునిగి ఊపిరి బిగబట్టి ఉంటుంది. బయట కొడుకు "అమ్మా" అని పిలుస్తూ తిరుగుతుంటాడు. చంపడానికి వచ్చినవాడు అమ్మా అనే పిలుస్తాడు, ఇంకేమని పిలుస్తాడు? కథ చెప్పే ఆయన ఆ ఒక్క పిలుపును మూడు గొంతులతో పిలిచేవాడు. ఆ మూడో గొంతుకు మా అవ్వ కొంగు నా ముఖం మీద కప్పేది.

గొడ్డలి లేవగానే జమిడిక టక్కున ఆగేది. ఆయన చెమట తుడుచుకొని, బీడీ వెలిగించి, "బియ్యం పైసలు పెట్టుండ్రి, తల్లి తల గాల్లో ఉన్నది" అనేవాడు. తల గాల్లో ఉండంగనే ఊరంతా లేచి ఇళ్లకు పోయి చాటల్లో బియ్యం తెచ్చేది. ఆ పది నిమిషాలు నేను గొడ్డలి కింద కూర్చున్నట్టే ఉండేది. ఏ నవల అట్లా ఆపగలదు?

తర్వాత తలలు మారతాయి. ఆమెను దాచిన మాదిగామె తల కూడా తెగుతుంది. మళ్లీ బతికించేటప్పుడు ఒకరి తల ఇంకొకరి మొండానికి అతుకుతుంది. అప్పుడు ఎల్లమ్మ ఎవరు, ఆమె ఎవరు? మా ఊళ్లో ఎవరిని మొక్కుతున్నామో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు, అందుకే ఇద్దరికీ మొక్కుతాం అనేది మా అవ్వ. తండ్రి వరం ఇచ్చాడు, తల్లి బతికింది అని ఒక్క ముక్కలో చెప్పే కథ పుస్తకాల్లో చదివినప్పుడు నాకు మోసం చేసినట్టు అనిపించింది.

మన దేవతలు అందంగా నవ్వుతూ ఉండాలని ఎవరు అన్నారో తెలియదు. అలంపురం పోయి జోగులాంబను చూడండి. ప్రేతం మీద కూర్చొని ఉంటుంది, జటలో బల్లి, తేలు. రాయడానికి ఎవరికీ పురాణం తక్కువ కాలేదు, రాసేవాళ్లే తక్కువయ్యారు.

కొల్లాపూర్ మామిడి

అక్కా, నువ్వే రాయరాదూ?

జమిడిక

మూడుసార్లు మొదలుపెట్టాను. గొడ్డలి లేచినచోట ఆగిపోతుంది. బియ్యం తెచ్చేవాళ్లు లేరు.

గంటకో రీడింగ్

వారం తర్వాత వస్తున్నాను, క్షమించండి. మిర్యాలగూడలో మా బావ వాళ్ల నాయన దగ్గర తిరుమల దేవస్థానం వేసిన కవిత్రయ భారతం ఉందని తెలిసింది. ఆయన పుస్తకం ఇచ్చేముందు నా చేతులు చూశాడు, కడుక్కొని రమ్మన్నాడు, తర్వాత ఇచ్చాడు. నిన్న రాత్రి డ్యూటీలో మొదలుపెట్టాను. పద్యాలు సగం సగమే అర్థమయ్యాయి, తాత్పర్యం పట్టుకొని నడిచాను. అక్కడక్కడ పద్యం పైకి చదివితే అర్థం కాకుండానే ఒళ్లు గగుర్పొడిచింది, అదెట్లా సారూ?

గూబ దగ్గర నేను పుస్తకం మూసేశాను. కారణం చెప్తాను. ఎండాకాలంలో మా యార్డులో కాకులు గ్యాంట్రీ (తీగలు మోసే ఇనుప చట్రం) మీద గూళ్లు కడతాయి. పుల్లలతో కాదు, తీగ ముక్కలతో. మేం పారేసిన బైండింగ్ వైరు, జీఐ వైరు ముక్కలు ఏరుకొచ్చి ఎంత గట్టిగా అల్లుతాయంటే కటింగ్ ప్లేయరుతో కూడా ఊడదు. ఒక కొస కిందకు వేలాడి కరెంటు పారే బస్‌బార్‌కు తగిలిందంటే ఫట్‌మని ఫీడర్ పోతుంది. పొద్దున కంకర మీద కాకి పడి ఉంటుంది, రెక్క ఒక పక్క కాలి. మిగతా కాకులు అన్నీ వచ్చి ఫెన్సింగ్ మీద వరుసగా కూర్చొని సాయంత్రం దాకా అరుస్తాయి. పోయిన ఏప్రిల్‌లో ఒక్క రాత్రే ఐదు పడ్డాయి. వాటిని పారతో ఎత్తి గోడ అవతల వేసింది నేనే. అశ్వత్థామ చెట్టు కింద నేల చూస్తున్నాడని చదివినప్పుడు నాకు ఆ కంకర కనబడింది. మా యార్డులోనూ ఒక గూబ ఉంది, ఎలుకల కోసం వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభం మీద కూర్చుంటుంది. నిన్న కిటికీలోంచి చూశాను. ఉంది. పరదా వేసుకున్నాను.

కాళరాత్రి గురించి సారు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. శిబిరం గేటు దగ్గర నిలబడింది ఎవరో చెప్పకుండా మంచి పని చేశారు.

అందరూ అశ్వత్థామ గురించే మాట్లాడతారు గాని నన్ను పట్టుకున్నది వేరే మనిషి. ధృష్టద్యుమ్నుడి సారథి. గేటు దగ్గర కృపుడు, కృతవర్మ నిలబడి బయటికి ఉరికినవాళ్లను ఉరికినట్టే నరుకుతుంటే, కృతవర్మ ఏమరుపాటున ఉన్నప్పుడు ఎట్లనో తప్పించుకుంటాడు. అంతమందిలో బయటపడ్డది అతనొక్కడు. తెల్లారాక ధర్మరాజు దగ్గరికి పోయి, నీ కొడుకులు లేరు, ఎవరూ లేరు అని చెప్పాల్సింది అతనే. నేను చదివినంతలో అతని పేరు కనబడలేదు. రాత్రంతా మేలుకొని ఉన్నవాడు, పొద్దున రిపోర్టు ఇచ్చి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏమయ్యాడో కథకు అక్కర్లేదు. సారూ, అతనికి ఎక్కడైనా పేరు ఉంటే చెప్పండి.

జమిడిక అక్కా, మీ ఊళ్లో ఇప్పటికీ ఆ కథ చెప్తుంటే ఎప్పుడో చెప్పండి, సెలవు పెట్టి వస్తాను. బియ్యం కూడా తెస్తాను, మిర్యాలగూడ బియ్యం.

తాజా కలం: రెండు గంటల రీడింగ్ రాయడం మర్చిపోయాను. 2:40కి గుర్తొచ్చి లేచాను. ఆ గడిలో ఏ అంకె వేశానో మాత్రం అడగకండి.